ఉద్యోగం మానకుండా ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ: మూడేళ్లు చదివి, రెండేళ్లు వాడాక నా మాట

నేను హైదరాబాద్‌లో ఒక బల్క్ డ్రగ్ (మందుల తయారీకి వాడే ముడి ఔషధ రసాయనాలు) కంపెనీ ఎగుమతుల విభాగంలో పనిచేస్తున్నాను. 2021లో ఈ ఆన్‌లైన్ ఎంబీఏలో చేరేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు, అందులో పద్నాలుగేళ్లు ఈ పనిలోనే గడిచాయి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు ఓడ రవాణాదారు ఇచ్చే పత్రం) అన్నీ కంఠతా వచ్చేవి. కానీ విదేశీ కొనుగోలుదారుతో ధర మాట్లాడే సమావేశానికి నన్ను ఎవరూ పిలిచేవారు కాదు. అక్కడ అంతా ఖరారయ్యాక కాగితాలు నా బల్ల మీదికి వచ్చేవి. ఆ సమావేశంలో నాకూ ఒక కుర్చీ ఉండాలన్న పట్టుదలతోనే చేరాను.

ముందుగా వెసులుబాటు సంగతి. రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలోపు ముగించవచ్చన్నారు, నాకు మూడేళ్లు పట్టింది. మియాపూర్ నుంచి పంజాగుట్ట వరకు మెట్రోలో వెళ్తూ రికార్డు చేసిన పాఠాలు వినేదాన్ని. నోట్సు రాసుకోవడం తెల్లవారుజామున, ఇంట్లో ఎవరూ లేవకముందు. అయితే ఎగుమతుల్లో పనిచేసేవారికి నెలాఖరు అంటే ఏమిటో తెలుసు. నెలంతా నెమ్మదిగా సాగిన సరుకు చివరి వారంలో ఒక్కసారిగా కదులుతుంది. అసైన్‌మెంట్ల గడువులు కూడా సరిగ్గా అప్పుడే పడేవి. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసిన సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు వదిలేసి, తర్వాతి సెమిస్టర్‌లో తీసుకున్నాను. అదనపు ఫీజు అడగలేదు. నన్ను నిలబెట్టింది ఆ సౌకర్యమే. అది లేకపోతే మధ్యలోనే మానేసేదాన్ని.

ఇక నా ఉద్యోగాన్ని మార్చిన పాఠం గురించి వివరంగా చెప్పాలి. అది ఇన్‌కోటర్మ్స్. అమ్మేవారి బాధ్యత ఎక్కడ ముగుస్తుంది, కొనేవారి బాధ్యత ఎక్కడ మొదలవుతుంది అని చెప్పే అంతర్జాతీయ నియమాలు ఇవి. 2020 సంచికలో మొత్తం 11 ఉన్నాయి. అందులో ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కించేదాకా అమ్మేవారి బాధ్యత), సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కూడా అమ్మేవారే కట్టేది)తో సహా నాలుగు కేవలం ఓడ రవాణాకు ఉద్దేశించినవి. కంటైనర్లలో వెళ్లే సరుకుకు అవి సరిపోవని ఆ నియమాలు రాసినవారే చెబుతారు. మేమేమో ఏళ్ల తరబడి 'ఎఫ్‌ఓబీ నవా షేవా' అనే రాస్తున్నాం.

హైదరాబాద్‌కు సముద్రం లేదు. మా కంటైనర్ సనత్‌నగర్ డిపోలో అప్పగిస్తే, అక్కడి నుంచి రైల్లో ముంబై పక్కనున్న నవా షేవా రేవుకు చేరాలి. ఎఫ్‌ఓబీ ప్రకారం సరుకు ఓడ మీదికి ఎక్కేదాకా నష్టభయమంతా మాదే. రైలు ఆలస్యమైనా, రేవు యార్డులో కంటైనర్ ఎండలో నిలిచినా మాదే. అదే 'ఎఫ్‌సీఏ సనత్‌నగర్' అని రాసుకుంటే, రవాణాదారుకు అప్పగించిన చోటే మా బాధ్యత తీరిపోతుంది. కానీ ఎల్‌సీ (సరైన పత్రాలు చూపితే డబ్బు చెల్లిస్తామని కొనేవారి బ్యాంకు ఇచ్చే హామీ) ఉన్నప్పుడు ఓడ ఎక్కినట్టు రాసిన బిల్ ఆఫ్ లేడింగ్‌ను బ్యాంకు అడుగుతుంది కదా? దానికీ 2020 సంచికలో దారి చూపించారు. ఇద్దరూ ముందే ఒప్పుకుంటే, అలాంటి బిల్లును అమ్మేవారికి ఇమ్మని కొనేవారు రవాణాదారును ఆదేశించాలి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పాత ఫైళ్లు తీశాను. ప్రతి కంటైనర్ సనత్‌నగర్‌లో అప్పగించిన తేదీ ఒక వరుసలో, ఓడ ఎక్కిన తేదీ పక్క వరుసలో రాసుకుంటూ వెళ్లాను. కొన్నింటికి మధ్యలో పది రోజులు దాటింది. అన్ని రోజులూ ఆ సరుకు మా నెత్తిన ఉందని మాలో ఎవరూ లెక్క వేయలేదు. రెండు పేజీల నోట్ రాసి మా జనరల్ మేనేజర్‌కు ఇచ్చాను. ఆయన చదివి, "కొనేవాళ్లు ఒప్పుకుంటారా అమ్మా?" అని అడిగారు. "అడిగి చూద్దాం సార్" అన్నాను. ఆ తర్వాతి వారం ధరల సమావేశానికి నన్ను రమ్మన్నారు.

అందరూ ఒప్పుకోలేదు. బ్రెజిల్‌లోని ఒక కొనుగోలుదారు సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి సరుకుకు ఓడ ఎక్కేవరకు మేమే బీమా చేయించడం మొదలుపెట్టాం.

ఎల్‌సీల నియమావళి యూసీపీ 600 కూడా అలాగే అక్కరకొచ్చింది. అది 2007 నుంచి అమల్లో ఉంది. సరుకు పంపిన 21 రోజుల్లోగా పత్రాలు సమర్పించాలని, పరిశీలనకు బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలు ఉంటాయని నాకు ముందే తెలుసు. కానీ మూలం చదవలేదు. చదివాక తెలిసిందేమిటంటే, సరుకు వర్ణన ఎల్‌సీతో సరిపోలాల్సింది ఇన్‌వాయిస్‌లో. ఎల్‌సీ ప్రత్యేకంగా కోరకపోతే, మిగతా పత్రాల్లో దానికి విరుద్ధం కాని సాధారణ పేరు చాలు. మేము అరగజం పొడవున్న రసాయనం పేరును ప్రతి కాగితం మీదా టైపు చేసి, ప్రతిచోటా అక్షరదోషానికి తావిచ్చాం. ఇప్పుడు ఎల్‌సీ వచ్చిన రోజే కూర్చుని చదువుతాను. సవరణ అవసరమైతే సరుకు కదలకముందే అడుగుతాం.

లోపాలూ చెప్పాలి. ఇన్‌కోటర్మ్స్ మీద రికార్డు చేసిన పాఠంలో డీఏటీ అనే పాత నియమం ఇంకా ఉంది. 2020 సంచికలో దాని స్థానంలో డీపీయూ వచ్చింది. నేను రాసిన మెయిల్‌కు "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు వచ్చింది కానీ, నేను కోర్సు ముగించేదాకా పాఠం మారలేదు. ఫీజు కట్టి చదివేవారి పట్ల ఇది అన్యాయం. కేస్ స్టడీలన్నీ పెద్ద అమెరికన్ కంపెనీలవే. మందుల ఎగుమతికి ఇంత పేరున్న ఊళ్లో కూర్చుని చదువుతుంటే మన పరిశ్రమ ఒక్కటీ కనబడకపోవడం బాధించింది. దేశాల సంస్కృతులకు మార్కులు వేసి పోల్చే అధ్యాయం నాకు రుచించలేదు. ఫలానా దేశం వాళ్లు ఇలాంటివాళ్లు అని పట్టిక చూసి మాట్లాడితే బేరం చెడుతుంది. ఫార్వర్డ్ కాంట్రాక్టుల పాఠం మాత్రం చక్కగా చెప్పారు. ఆరు నెలల తర్వాత వచ్చే డాలర్లకు ఈ రోజే రేటు ఎందుకు ఖాయం చేసుకుంటారో అర్థమయ్యాక, మా ఫైనాన్స్ వారితో మాట్లాడే తీరే మారింది.

చదువు ముగిసిన పద్నాలుగు నెలలకు నేను మేనేజర్‌నయ్యాను. పట్టా చూసి ఇవ్వలేదు, ఆ రెండు పేజీల నోట్‌తో మొదలైన పని చూసి ఇచ్చారు. పట్టా విలువ మీద అనుమానం ఉన్నవారికి ఒక మాట. గుర్తింపు ఉన్న సంస్థలు ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇచ్చే డిగ్రీలు తరగతి గదిలో చదివిన డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో ప్రకటించింది. మీరు చేరబోయే సంస్థ, కోర్సు రెండూ యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉన్నాయో లేదో స్వయంగా చూసుకోండి. ఏజెంటు మాట మీద డబ్బు కట్టకండి.

ఎగుమతి, దిగుమతి, రవాణా, బ్యాంకుల విదేశీ వాణిజ్య శాఖల్లో పది పన్నెండేళ్లు పనిచేసి, ఒకే బల్ల దగ్గర ఆగిపోయామని అనిపిస్తున్నవారికి ఈ చదువు గట్టిగా సిఫారసు చేస్తాను. రోజూ చేతికి తగిలే పని ఉంటేనే పాఠం పట్టుబడుతుంది. ఈ రంగంతో సంబంధం లేనివారు కేవలం జీతం పెరుగుతుందని చేరితే నిరాశపడతారేమో. చేరే ముందు ఒక నమూనా పాఠం చూపించమని అడగండి, అదీ ఇన్‌కోటర్మ్స్ పాఠమే కావాలనండి. అందులో డీఏటీ ఇంకా కనబడితే, మిగతా పాఠాలు ఎప్పుడు రికార్డు చేశారో తెలుసుకున్నాకే మొదటి వాయిదా కట్టండి.