ఎండుచేపల వాసన పోవాలంటే తలుపా, ఫ్యానా, అగరుబత్తా?

ఆదివారం మా ఇంట్లో ఎండుచేపలు వేయిస్తే ముందు పైన ఉండే ఓనరమ్మకు తెలుస్తుంది, ఆ తర్వాతే హాల్లో పడుకున్న నాకు తెలుస్తుంది. నల్లగొండలో రెండు గదుల పోర్షన్, ఆగ్నేయంలో వంటగది, వంటగది కిటికీ పక్కనే మెట్లు. "ఏం సారూ, ఇయ్యాల ఎండుచేపలా?" అని ఆమె మెట్ల మీంచి అడిగిందంటే ఇగ ఆ రోజు టెన్షనే. అందుకే రెండేళ్లుగా దొరికిన ఉపాయమల్లా చేసి చూశాను.

మొదట తలుపు. బడిలో అందరం చదివిందే: వాసన అణువులు ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పాకుతాయి, దాన్ని వ్యాపనం అంటారు, అగరుబత్తి వెలిగిస్తే గదంతా వాసన రావడం దానికి ఉదాహరణ. కానీ ఈ ఉదాహరణలో చిన్న మోసం ఉంది. గాలిలో అణువులు సెకనుకు వందల మీటర్ల వేగంతో పరుగెత్తుతాయి, నిజమే. అట్లయితే వాసన క్షణంలో ఇల్లంతా నిండాలి కదా, గదిలో పొగ పొరలు పొరలుగా అట్లే ఎందుకు నిలబడుతుంది అని డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ అప్పట్లోనే మెలిక పెట్టాడు. 1858లో జర్మన్ శాస్త్రవేత్త క్లాసియస్ జవాబిచ్చాడు: అణువు పరుగెత్తుతుంది గానీ వెంట్రుక మందంలో వెయ్యో వంతు దూరం పోయేలోపే ఇంకో అణువుకు గుద్దుకుని దారి తప్పుతుంది. సెకనుకు దాదాపు 700 కోట్ల గుద్దులు. జాతరలో తప్పిపోయిన పిల్లాడి నడక అన్నట్టు.

చేతి లెక్క వేస్తే, గాలి అస్సలు కదలకపోతే చేప వాసన ఒక సెంటీమీటరు పాకడానికి ఐదు సెకన్లు చాలు. దూరం రెట్టింపైతే సమయం నాలుగింతలు అవుతుంది కాబట్టి ఒక మీటరుకు 14 గంటలు, మూడు మీటర్లకు ఐదు రోజులు! మరి మా హాల్లోకి ఐదు నిమిషాల్లో ఎట్లా వచ్చింది? గాలి మోసుకొచ్చింది. పొయ్యి వేడికి పైకి లేచిన గాలి తలుపు పైభాగం నుంచి హాల్లోకి వస్తుంది, దాని జాగాలోకి కింది నుంచి చల్లగాలి వంటగదిలోకి పోతుంది. నమ్మకపోతే తలుపు ఓరగా తీసి, సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టి చూడండి. పైన పట్టుకుంటే పొగ హాలు వైపు వంగుతుంది, గడప దగ్గర పట్టుకుంటే వంటగది వైపు వంగుతుంది. నేను నాలుగుసార్లు చూశాను, మా ఆవిడ నన్ను అంతకంటే ఎక్కువసార్లు చూసింది.

కాబట్టి తలుపు మూస్తే లాభమే, కింద సందులో పాత చీర కుక్కితే ఇంకా లాభం, కానీ వాసన పోదు, లోపలే ఆగుతుంది, తలుపు తీసిన మరుక్షణం బయటికొస్తుంది.

సీలింగ్ ఫ్యాన్ సంగతి ఒక్క మాటలో: అది వాసనను పంపదు, పంచుతుంది. పరుపులకు, కర్టెన్లకు కూడా సమానంగా వాటా ఇస్తుంది, బట్టకు పట్టిన వాసన మళ్లీ రెండు రోజులు మెల్లగా వదులుతూనే ఉంటుంది.

అగరుబత్తి, స్ప్రే రెండూ నాకు పనికిరాలేదు. చేప అణువు ఎక్కడికీ పోదు, పక్కన మల్లెపూల అణువు వచ్చి కూర్చుంటుంది అంతే. ఎండుచేపలు ప్లస్ మల్లెపూలు ఏ వాసనో మీరే ఊహించుకోండి. అగరుబత్తి గాలి ఎటు పోతుందో చూపించడానికి మాత్రం మంచి పరికరం.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వీటన్నిటికంటే మేలు, కాకపోతే చాలామంది చేసే తప్పే నేనూ చేశాను. కిటికీలన్నీ మూసి ఎగ్జాస్ట్ వేస్తే అది ఎక్కడి గాలిని బయటికి తోయాలి? హాలు కిటికీ ఒకటి తెరిస్తేనే గాలి అక్కడ దూరి, వంటగది మీదుగా వాసనను ఊడ్చుకుని పోతుంది. వేయించడానికి ముందే వేయాలి, ఇల్లంతా పట్టాక వేస్తే సగం పనే.

ఎండాకాలం మాకు ఎగ్జాస్ట్ కూడా అక్కర్లేదు. హాలు కిటికీకి బయటి నుంచి బిగించిన కూలర్ ఎట్లాగూ బయటి గాలిని లోపలికి తోస్తుంది, వంటగది కిటికీ తెరిచి పెడితే ఆ గాలంతా అటే పోతుంది. కూలర్ గది లోపలే పెట్టుకున్నవాళ్లకు ఈ సుఖం లేదు, అది ఉన్న గాలినే తిప్పుతుంది. అన్నట్టు, 42 డిగ్రీల ఎండలో వాసన ఎక్కువ కొట్టేది అణువులు తొందరగా పాకడం వల్ల కాదు. 27 నుంచి 42కి పోతే వ్యాపనం పదో వంతు కూడా పెరగదు, చేపల నుంచి ఆవిరయ్యేదే బాగా పెరుగుతుంది.

అసలు మొదటే పుట్టకుండా చేసే ఉపాయం మా అమ్మ ఎప్పుడూ చేసేదే: చింతపండు పులుసు. నీచు వాసనలో ప్రధానమైనది ట్రైమిథైలమీన్, అది క్షారం. పులుపు తగిలితే లవణంగా మారి నీళ్లలోనే ఉండిపోతుంది, ఎగరదు. కడిగేటప్పుడు కొంచెం పులుసో నిమ్మరసమో, తర్వాత గిన్నెలకు, సింకుకు నిమ్మతొక్క. నూనెలో వేగే వాసనకు మాత్రం ఇది పనిచేయదు, దానికి గాలే గతి.

నా ఓటు పులుపుకు, తర్వాత తెరిచిన కిటికీతో ఎగ్జాస్ట్‌కు. వానాకాలంలో పడమటి గాలి తిరిగితే హాల్లో పడమటి కిటికీ తెరుస్తాను, ఆగ్నేయపు వంటగది నుంచి వాసన దానంతటదే పోతుంది, కరెంటు ఖర్చు లేదు. ఒక్కటే చిక్కు, అది పోయేది మెట్ల వైపుకే. మొన్న ఆదివారం ఇల్లు శుభ్రంగా ఉంది, పై నుంచి మాత్రం గొంతు వినిపించింది: "సారూ, ఇయ్యాల పులుసు పెట్టిండ్రా?"