తూచి ఇచ్చే గ్యాస్ ఏజెన్సీకి ఐదు స్టార్లు, కారణాలతో సహా

గ్యాస్ ఏజెన్సీల రేటింగుల్లో అందరూ చూసేది ఒక్కటే, బండ ఎన్ని రోజులకు వచ్చిందని. అసలు సర్వీసు బండ గడప దాటాక ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ముందు తూకం. ఇంటి బండలో గ్యాస్ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు పిడి కింది రేకు మీద రాసి ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కోలా. 15.3 అని ఉంటే కాటా 29.5 దగ్గర ఆగాలి. అడక్కముందే కొక్కెం కాటా తీసి, బండ వేలాడదీసి, అంకె మనవైపు తిప్పి చూపించే కుర్రాడు ఉంటే ఆ ఏజెన్సీని వదులుకోవద్దు. సీలు బాగానే ఉంది కదా అనుకోవద్దు. సీలు కింద వాల్వు సన్నగా లీకైనా బరువు తగ్గుతుంది.

తర్వాత వాల్వు. సీలు తీసి గుంటలో నాలుగు నీటి చుక్కలు వేస్తారు. బుడగ లేచిందంటే లోపలి పిన్ను సరిగా కూర్చోలేదు, ఆ బండ వెనక్కి పోవాల్సిందే. నీళ్లకు బుడగ రాలేదు గానీ రెగ్యులేటర్ పెట్టి తిప్పగానే బుస్సుమంటోందా? తప్పు చాలావరకు వాచరుదే. ఆ నల్ల రబ్బరు రింగు చీలైనా ఉంటుంది, అసలు లేకపోయైనా ఉంటుంది. పని తెలిసినవాడి జేబులో రెండు కొత్త వాచర్లు ఉంటాయి, మార్చడం అర నిమిషం పని. అగ్గిపుల్ల గీసి లీకు చూస్తానంటే మాత్రం, మనిషి ఎంత మంచివాడైనా ఆపేయండి.

రేకు మీదే బీ-27 లాంటి గుర్తు ఉంటుంది. 2027 ఏప్రిల్-జూన్‌లో ఆ బండ పరీక్షకు వెళ్లాలని దానర్థం. గడువు దాటింది తెస్తే మార్చమనండి. డెలివరీ కోడ్ ఇవన్నీ అయ్యాకే చెప్పాలి, ఫోన్‌లో ముందే కాదు.

ఇక మెచ్చుకోలు. ఎన్నో అంతస్తయినా డెలివరీ ఛార్జీ బిల్లులోనే ఉంటుంది, అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదు. లిఫ్టు లేని మూడో అంతస్తుకు ముప్పై కిలోలు భుజాన మోసుకొచ్చి, నోరు తెరిచి అడగనివాడికి ఇవ్వడం వేరే సంగతి. కానీ ఆ నోటు అతని జేబు దాకే. ఏజెన్సీకి తెలియాలంటే యాప్‌లో రాయాలి. ఉత్త స్టార్లు కాదు, "తూచి చూపించారు, నీళ్లతో లీకు చూశారు, పాడైన వాచరు మార్చారు, బిల్లు మీద పైసా అడగలేదు" అని, డెలివరీ తేదీతో సహా.