రాజధాని కోసం రాజమండ్రి వెళితే

వేంగీ చాళుక్యుల ఒకప్పటి రాజధాని అని చెప్పి పిల్లల్ని రాజమండ్రి తీసుకెళ్తే, రైలు దిగగానే వాళ్లడిగే మొదటి మాట "కోట ఏదీ?" అని. జవాబు ముందే సిద్ధం చేసుకోండి. కోట లేదు, కోటగుమ్మం ఉంది. అదిప్పుడు ఆటోలూ తోపుడుబళ్లూ ఆగే ఒక సెంటరు. గుమ్మం పేరు మిగిలింది, గోడలు పోయాయి. హంపీనో గోల్కొండనో మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లు రెండు గంటల్లో "ఇంతేనా" అనేసి, మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగి, తిరుగు రైలెక్కేస్తారు. తప్పు ఊరిది కాదు, ప్లానుది. వేంగీ చాళుక్యుల ఆనవాళ్లు ఊళ్లో కంటే ఊరి చుట్టూ ఉన్న డెల్టాలోనే ఎక్కువ. బిక్కవోలు పొలాల్లో గుళ్లుగా ఉన్నాయి, ద్రాక్షారామం స్తంభాల మీద అక్షరాలుగా ఉన్నాయి. కాబట్టి ఊరికి ఒక రోజు, గుళ్లకి ఒక రోజు, పూతరేకులకి ఒక పూట. రెండున్నర రోజులుంటే తృప్తిగా తిరగొచ్చు.

దిగడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. ఊళ్లో రెండు స్టేషన్లున్నాయి: రాజమండ్రి, గోదావరి. ఘాట్లకి, కోటగుమ్మానికి, మెయిన్ రోడ్డుకి దగ్గర గోదావరి స్టేషనే. కానీ చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. టికెట్ తీసేటప్పుడే మీ బండి ఎక్కడ ఆగుతుందో చూసుకుని రూము ఆ వైపు తీసుకుంటే ఆటో ఖర్చు కలిసొస్తుంది. బస్టాండ్లు మూడు. దూరప్రాంతాల బస్సులకి ఆర్టీసీ కాంప్లెక్స్, రామచంద్రపురం, ద్రాక్షారామం వైపుకి కోటిపల్లి బస్టాండ్, ఏజెన్సీ వైపుకి గోకవరం బస్టాండ్. ఆటో ఎక్కి "బస్టాండ్" అని ఊరుకుంటే ఎక్కడ దింపుతాడో చెప్పలేం, బస్టాండు పేరు చెప్పి ఎక్కండి. మీటర్లు వేయరు, బేరం ఎక్కే ముందే. విమానంలో వచ్చేవాళ్లు దిగేది మధురపూడిలో. అక్కణ్ణుంచి ఊళ్లోకి కారు తప్ప వేరే సుఖమైన దారి లేదు.

బస విషయంలో రెండే రకాలు. గోదావరి గట్టు దగ్గర్లో సత్రాలు, చిన్న లాడ్జీలు ఉన్నాయి. తెల్లవారుజామున స్నానానికి నడిచి వెళ్లొచ్చు, కానీ లిఫ్టు ఉండకపోవచ్చు, మెట్లు ఇరుకు, కారు పెట్టడానికి చోటుండదు. దానవాయిపేట, తాడితోట వైపు హోటళ్లలో ఏసీ రూములు, లిఫ్టు, పార్కింగు దొరుకుతాయి, ఘాటుకి మాత్రం ఆటో కావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే రెండోదే మేలు. బుక్ చేసేటప్పుడు "గోదావరి కనిపిస్తుందా?" అని కాక, "వేణ్నీళ్లు ఎన్నింటిదాకా వస్తాయి? చెక్‌అవుట్ ఇరవై నాలుగు గంటల లెక్కా, పన్నెండింటికా?" అని అడగండి. పొద్దున్నే రైలు దిగేవాళ్లకి ఇరవై నాలుగు గంటల లెక్కయితే ఒక రోజు అద్దె మిగులుతుంది. సంక్రాంతి నాలుగు రోజులూ రూముల మీద ఆశ పెట్టుకోకండి. కోడిపందేలకి వచ్చే జనంతో డెల్టా అంతా నిండిపోతుంది. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజుల్లో వచ్చేది స్నానానికి, ఊరు చూడ్డానికి కాదు.

మొదటి రోజు పొద్దున్నే ఘాటుకి వెళ్లాలి. పుష్కర ఘాట్‌లో రద్దీ ఎక్కువ, కోటిలింగాల ఘాట్ విశాలంగా ఉంటుంది. చిన్నపిల్లలతో రెండోదే నయం. మెట్ల దగ్గర ఒక్క జాగ్రత్త: నీళ్లలో మునిగీ మునగకుండా ఉండే మెట్టు మీద పాకుడు పడుతుంది. పైనున్న తడి మెట్టూ అదీ ఒకేలా కనిపిస్తాయి, కాలు పెడితే గానీ తేడా తెలియదు. కాబట్టి గొలుసు పట్టుకుని, మడమ ముందు ఆనించి, ఒక్కో మెట్టే దిగాలి. వరద రోజుల్లో అయితే దిగనే వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. జులై నుంచి సెప్టెంబరు దాకా బయల్దేరే ముందు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి. ఇక్కడివాళ్లు వాతావరణం కంటే ముందు దాన్నే చూస్తారు.

ఘాటు అయ్యాక రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం. రాష్ట్ర మ్యూజియాలకి మామూలుగా శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు పెట్టుకోకండి. చిన్నదే, గంట చాలు. ఇక్కడికి వచ్చే ముందు పిల్లలకి రెండు సంగతులు చెప్పి ఉంచితే రాళ్లు రాళ్లలా కనిపించవు. ఒకటి, 11వ శతాబ్దంలో ఇక్కణ్ణుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి కోరిక మీదే నన్నయ భారతం తెనిగించడం మొదలుపెట్టాడు. రెండు, ఆ రాజే 1053లో, భారతం రాయడంలో నన్నయకి తోడున్న నారాయణభట్టుకి నందంపూడి అగ్రహారం ఇస్తూ వేయించిన శాసనాన్ని రచించింది కూడా నన్నయే. నందంపూడి ఇప్పటికీ కోనసీమలో ఉన్న ఊరు. బడిలో "ఆదికవి" అని బట్టీ పట్టిన మనిషి ఒక ఊరి దానపత్రం కూడా రాశాడంటే పిల్లలు చెవులు రిక్కిస్తారు.

మధ్యాహ్నం ఎండలో పురమందిరం, కందుకూరి వీరేశలింగం ఇల్లు, దామెర్ల రామారావు చిత్రశాల. మొదటి రెంటికీ అరగంట చొప్పున సరిపోతుంది. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్లోనే వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. చిత్రశాలకి మాత్రం తీరిగ్గా వెళ్లండి. ఇరవై ఎనిమిదేళ్లు నిండీ నిండకుండా 1925లో పోయిన చిత్రకారుడి బొమ్మలవి. మెయిన్ రోడ్డులో పెద్ద మసీదు మీద 1324 నాటి పారసీ శాసనం ఉంది. రాజధాని చేతులు మారిన సంగతి చెప్పే రాయి అది. సారంగధర మెట్టకి వెళ్లేది రాజరాజ నరేంద్రుడి కొడుకని చెప్పుకునే సారంగధరుడి కథ కోసమే, కట్టడం కోసం కాదు. టైముంటే వెళ్లొచ్చు, లేకపోతే నష్టం లేదు.

సాయంత్రం హారతికి పుష్కర ఘాట్‌లో అరగంట ముందే కూర్చుంటే మెట్ల మీద చోటు దొరుకుతుంది. దానికి ముందు వంతెనలు చూడాలంటే బోటు కంటే ప్యాసింజరు రైలు మేలు. గోదావరి స్టేషన్లో ఎక్కి అవతలి ఒడ్డున కొవ్వూరులో దిగడం, తర్వాతి బండిలో వెనక్కి రావడం. తిరుగు బండి ఎప్పుడో ముందే చూసుకోకపోతే కొవ్వూరు ప్లాట్‌ఫారం మీదే చీకటి పడుతుంది. 1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు, పక్క వంతెన మీంచి పోతూ దాన్ని చూడాలి.

రెండో రోజే అసలు యాత్ర. కారు మాట్లాడేటప్పుడు ట్రావెల్స్ వాళ్లు "ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు" ప్యాకేజీ చెప్తారు. రాజమండ్రి, బిక్కవోలు, ద్రాక్షారామం, కోటిపల్లి చుట్టి వచ్చేసరికి నూట ఇరవై దాటుతుంది, టైమూ పది గంటలకి తక్కువ పట్టదు. ఎక్స్‌ట్రా కిలోమీటరుకి ఎంత, ఎక్స్‌ట్రా గంటకి ఎంత, డ్రైవరు బత్తా కలిసిందా లేదా, ముందే రాయించుకోండి. చాలా గొడవలు సాయంత్రం ఆ మూడింటి దగ్గరే మొదలవుతాయి. మ్యాపు చూపించే టైమునీ నమ్మొద్దు. కాలవ గట్ల రోడ్లు ఇరుకు, ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే ఒక బండి దిగి ఆగాలి. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్ ఆఖర్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గంటకి ముప్పై ఐదు కిలోమీటర్ల లెక్కన వేసుకుంటే తప్పు పోదు.

వరస ముఖ్యం. పొద్దున్న ఆరున్నరకి బయల్దేరి ద్వారపూడి, అనపర్తి మీదుగా ముందు బిక్కవోలు, తర్వాత ద్రాక్షారామం. చాలామంది తిరగేసి చేస్తారు, పెద్ద గుడి కదా అని ముందు ద్రాక్షారామం వెళ్లి, పన్నెండింటికి బిక్కవోలు చేరతారు. అప్పుడు గుడి తలుపులు వేసుంటాయి, రాతి నేల మీద ఒట్టి కాళ్లు నిలవవు, పొలాల్లోని గుళ్ల దగ్గర నీడ ఉండదు. ఎనిమిదింటికి చేరితే గోలింగేశ్వరాలయం, చెవిలో కోరిక చెప్పుకునే వినాయకుడు, ఆ తర్వాత ఊరి చివర చేల మధ్య ఉన్న చాళుక్యుల నాటి గుళ్ల విమానాలు (గర్భగుడి మీద లేచే శిఖరాలు), అన్నీ చల్లపూట అయిపోతాయి. చేలలోని గుళ్లకే జనం వెళ్లరు, నిజానికి ఈ యాత్రలో రాజధాని అనే మాటకి దగ్గరగా కనిపించేవి అవే. పూజలతో, రంగులతో మారిపోకుండా రాయి రాయిలా ఉంది. గట్టు మీద నడవాలి కాబట్టి చెప్పులు కాదు, బూట్లు. వానాకాలమైతే బురదలో జారతారు, అప్పుడు పెద్దవాళ్లని ఊళ్లో గుడి దగ్గరే కూర్చోబెట్టండి. సుబ్రహ్మణ్య షష్ఠి రోజు మాత్రం బిక్కవోలు జోలికి పోకండి, కాలు పెట్టే సందుండదు.

పదకొండు లోపు ద్రాక్షారామం చేరాలి, మధ్యాహ్నం గుడి మూస్తారు. భీమేశ్వర లింగం రెండంతస్తుల ఎత్తు. కింద ప్రదక్షిణం చేసి, మెట్లెక్కి పై అంతస్తులో దర్శనం చేసుకోవాలి. మెట్ల దగ్గర వెలుతురు తక్కువ, పిల్లల చెయ్యి వదలొద్దు. పైన లింగం మీది నల్లటి చారలు చూపించండి. పంచారామాల్లో ఒకటి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి కాబట్టి మాణిక్యాంబ దర్శనం విడిగా ఉంటుంది. కార్తీక సోమవారాల్లో పంచారామాల స్పెషల్ బస్సులన్నీ ఇక్కడికే వస్తాయి, క్యూలోనే పూట గడిచిపోతుంది. భక్తి కోసమైతే అప్పుడే రండి, గుడి చూడాలంటే మంగళ, బుధవారాలు.

దర్శనమయ్యాక వెంటనే బయటికి రావద్దు. స్తంభాల మీద, గోడల మీద వందల శాసనాలున్నాయి. ఎదురుగా నిలబడి చూస్తే గీతలే కనిపిస్తాయి. ఫోన్ టార్చి రాతికి ఆనించినట్టుగా పక్కనుంచి వేస్తే చెక్కిన గాడిలో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. చాలా శాసనాలు "స్వస్తి శ్రీ" అని మొదలవుతాయి. ఆ "శ్రీ" పట్టుకోమని పిల్లలకి పందెం వేయండి, గంటసేపు కదలరు. గుళ్లో ఒక దీపానికి ఇన్ని గొర్రెలిచ్చామని, ఇంత భూమి ఇచ్చామని రాయించిన లెక్కలే ఇందులో చాలా భాగం. రాజరాజ నరేంద్రుడి కొడుకు 1070లో చోళ దేశానికి వెళ్లి కులోత్తుంగ చోళుడయ్యాడు, అతని పేరూ ఈ రాళ్ల మీద ఉంది.

భోజనం రామచంద్రపురంలో చేస్తే నయం, గుడి దగ్గర టిఫిన్లే ఎక్కువ. తర్వాత కోటిపల్లి రేవు. పంటు (జనాన్నీ బళ్లనీ దాటించే పడవ) మీద అవతల ముక్తేశ్వరం వెళ్లి రావడం పిల్లలకి పండగే, కానీ నీటిమట్టం పెరిగినా గాలి వీచినా ఆపేస్తారు. తిరిగి వస్తూ కడియపులంక నర్సరీలు. మొక్కలు కొంటే వేర్ల మట్టి ముద్ద విరక్కుండా గోనె కట్టించుకోండి. కారు డిక్కీలో వేడికి రెండో రోజుకే ఆకు రాలిందంటే మొక్క చచ్చినట్టు కాదు, నీడలో పెట్టి వారం చూడాలి.

పాపికొండల బోటుని ఈ రెండు రోజుల్లో ఇరికించకండి. గండిపోచమ్మ దగ్గర ఎక్కాలి, పొద్దున్న బస్సెక్కితే రాత్రికే తిరిగి వస్తారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం గుర్తుండాలి. పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందా అని డబ్బు కట్టక ముందే అడగండి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లాడికి వేస్తే నీళ్లలో అది పైకి తేలిపోతుంది, పిల్లాడు కిందికి జారతాడు.

తిండిలో పులస ఒక్కటే చిక్కు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్నది సామెత, దాన్ని నమ్మి మోసపోయేవాళ్లూ ఎక్కువే. ఎర్ర నీటికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేదే పులస, జులై నుంచి సెప్టెంబరు దాకానే. మిగతా నెలల్లో మెనూలో కనిపిస్తే అది ఐసులో వచ్చిన సముద్రపు ఇలస. పులుసు వండిన మర్నాడు తింటేనే రుచి, కాబట్టి ముందు రోజే చెప్పి పెట్టించుకోవాలి.

మూడో రోజు మిగిలిన ఆ పూట ధవళేశ్వరం. 1852లో పూర్తయిన ఆనకట్ట ఆర్థర్ కాటన్‌ది, ఇప్పుడు కనిపించే 175 గేట్ల బ్యారేజీ తర్వాత కట్టినది. కాటన్ మ్యూజియం చూసి బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక, అక్కణ్ణుంచి ఆత్రేయపురం. శనివారమైతే ఈ దారి వద్దు, వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చే బళ్లతో గంటల తరబడి నిలిచిపోతుంది. ఆత్రేయపురంలో దుకాణం కంటే ముందు రేకు తీసే ఇంటికి వెళ్లండి. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని ఆవిడ కుండ మీద ఒక్కసారి లాగుతుంది. తడి అలా తెల్లబడి, అంచు లేచి, రేకు చేతికొస్తుంది. కొనే ముందు ఒకటి విప్పించుకుని తినండి. అంగిలికి జిడ్డు పట్టిందంటే డాల్డా, కరిగి పోయిందంటే నెయ్యి. మెత్తటి కవరులో వద్దు, గట్టి డబ్బాలో పెట్టించండి, గాలి తగిలితే రేకు మెత్తబడి ముద్దవుతుంది. డబ్బాని సామాను అడుగున కాకుండా ఒళ్లో పెట్టుకోవడమే క్షేమం, రైల్లో సగం దారికే ఖాళీ అవుతుందన్నది వేరే సంగతి.