పత్తి గింజకు తెగులు మందు పట్టించడం: చాలా ఏళ్లు వాడాక నా మాట

గింజకు మందు పట్టిస్తే మొలక దక్కుతుంది. దసరా దాకా చేనును కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు, అట్లా అనుకున్నవాళ్లే తర్వాత మందును తిడతారు. మాది నల్గొండ జిల్లా చండూరు వైపు, కొంత నల్లరేగడి, కొంత ఎర్ర చెల్క. రెండింట్లోనూ కార్బాక్సిన్, థైరమ్ కలిసిన పొడి చాలా ఏళ్లుగా వాడుతున్నా.

తేడా బాగా కనబడేది రేగడిలోనే. మృగశిర వానకు గింజ పెట్టాక ముసురు పట్టిందంటే అక్కడ నీళ్లు తొందరగా ఇంకవు, గింజ మట్టిలోనే మెత్తబడి కుళ్లిపోతుంది, మొలిచిన వాటిలో కూడా కొన్ని మొదలు దగ్గర గోధుమరంగు తిరిగి పడిపోతాయి. మందు పట్టించినప్పటి నుంచి ఈ బాధ చాలా తగ్గింది, పోగుంటలు, అంటే మొలవని చోట మళ్లీ గింజలు, పెట్టే కూలి మిగిలింది. 2025లో బీటీ పత్తి గింజల ప్యాకెట్ 901 రూపాయలు, మళ్లీ ఇంకోటి కొనాలంటే ఎంత కష్టమో పత్తి పెట్టేవాళ్లకు చెప్పక్కర్లేదు. చెల్కలో మాత్రం నాకు పెద్ద తేడా కనబడలేదు.

మోతాదు కిలో గింజకు 3 గ్రాములు. ప్యాకెట్‌లో ఉండేది 475 గ్రాములే కాబట్టి ఒక్కోదానికి గ్రామున్నర కూడా పట్టదు, అంత కొంచెం తూకం వేయడం కష్టం, అందుకే మూడు నాలుగు ప్యాకెట్లు ఒకేసారి కలుపుతా. మూత ఉన్న డబ్బాలో గింజ పోసి, కాసిని నీళ్లు చిలకరించి, పొడి వేసి మెల్లగా దొర్లించాలి. చేత్తో గట్టిగా రుద్దొద్దు, అది యాసిడ్‌తో నూగు తీసిన గింజ, పైపొర పగిలితే మొలకే దెబ్బతింటుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తేస్తాం. ఇదంతా చేసే ముందు ప్యాకెట్ మీద ఏముందో చదవండి, రసం పీల్చే పురుగుల మందుతో పాటు థైరమ్ కూడా పట్టించే అమ్మేవి ఉంటాయి, వాటికి మళ్లీ అదే పట్టించడం దండగ.

ట్రైకోడెర్మాను దీంతో కలిపి గింజకు పట్టించొద్దు. అది బతికున్న శిలీంధ్రం, థైరమ్ దాన్నీ చంపుతుంది. నేను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, వారం పది రోజులు నీడలో తడి ఆరకుండా ఉంచి, ఆఖరి దుక్కిలో వేస్తా.

కాయ దశలో పెద్ద వాన పడ్డాక చెట్లు ఒక్కసారిగా వాలిపోతే ఒకటి పీకి చూడండి. సులువుగా ఊడొచ్చి, వేరు బెరడు పీలికలుగా చీలితే వేరుకుళ్లు, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయాలి. వేరు గట్టిగా, శుభ్రంగా ఉండి పీకినా రాకపోతే అది పారావిల్ట్, తెగులే కాదు, ముందు చేలో నిలిచిన నీళ్లు తీసేయాలి. గింజకు పట్టించిన మందుకు ఈ రెండింటితో సంబంధం లేదు, దాని బలం మొదటి మూడు నాలుగు వారాలే.

కలిపేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి, విత్తే ఆడవాళ్లకు కూడా తొడుగులు ఇవ్వండి. మందు పట్టించి మిగిలిన గింజను కొట్టంలో పెట్టొద్దు, కోళ్లు తింటాయి, గుంత తీసి పూడ్చేయండి.