జిప్సీ కొంటున్నారా? ముందు బండి కిందకి దూరి చూడండి

ఆ యార్డాయన ఇవాళ పొద్దున మళ్లీ యాడ్ పెట్టాడు. ఇంకో మారుతి జిప్సీ, మళ్లీ అదే లైను: "ఫోర్ బై ఫోర్ పర్ఫెక్ట్ వర్కింగ్", అంటే నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుందని. అది చూశాక ఒళ్లు మండి రాస్తున్నా. పేరు రాయను. పాత జీపులు, డిస్పోజల్ బళ్లు వరసగా పెట్టుకుని, వచ్చినవాడికల్లా ముందు టీ తెప్పిస్తాడే, ఆయనే. ఆ టీ నాకు నాలుగు లక్షల ఎనభై వేలు పడింది.

ఆయన దగ్గర నేను కొన్న జిప్సీ 2012 హార్డ్ టాప్, ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) ఇంజన్. కాగితాలు క్లీన్, ఆర్‌సీ నా పేరు మీదకి వచ్చేసింది కూడా. అందులో మోసం లేదు, ఉంటే బావుండేది, అక్కడే ఆగిపోయేవాణ్ణి.

అసలు నా పొగరు గురించి చెప్పాలి. మా బామ్మర్ది 2023లో జిమ్నీ తీసుకున్నాడు. రెండూ ఒకే వంశం. మన జిప్సీ 1981 నాటి రెండో తరం జిమ్నీయే, ఇక్కడ 1985లో దిగి 2019 దాకా నడిచింది. మధ్యలో మూడో తరం మన దేశానికి రానే లేదు, వాడిది నాలుగో తరం. ఏడాదిన్నరగా పండక్కి కలిసినప్పుడల్లా వాణ్ణి ఏడిపిస్తూనే ఉన్నా. నాలుగు వైపులా కమాన్ కట్టలున్న జిప్సీ ముందు నీ కాయిల్ స్ప్రింగులు ఎంత, ఆరు ఎయిర్‌బ్యాగులు దిండ్లలా పెట్టుకుని అడవికెళ్తావా, 1.5 లీటరు 105 హార్స్ పవర్ అంటావు గానీ నీ బండి బరువెక్కువ, మా 1.3కి ఎనభై చాలు, అని. వాడు నవ్వి ఊరుకునేవాడు. పవర్ స్టీరింగ్ లేని బండిని నడిపితేనే మగాడన్నట్టు మాట్లాడాను. ఆ మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వడ్డీతో సహా తిరిగొస్తున్నాయి.

సరే, టెస్ట్ డ్రైవ్. యార్డులో గచ్చు మీద 4హెచ్ (నాలుగు చక్రాలకీ పవర్, మామూలు స్పీడు) వేశాను. లివర్ పడింది, డాష్‌బోర్డు మీద లైటు వెలిగింది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి గుండ్రంగా రెండు చుట్లు కొట్టాను. వెన్నలా తిరిగింది. పక్క సీట్లో కూర్చున్న ఆయనతో "ఎంత స్మూత్‌గా ఉందండీ, బాగా మెయింటెయిన్ చేశారు" అన్నాను. నేనే అన్నాను! ఆయన ముఖం కూడా మారలేదు. "మనం అట్లనే ఉంచుతం సార్" అన్నాడు.

జిప్సీలో మధ్య డిఫరెన్షియల్, అంటే ముందు చక్రాల్నీ వెనక చక్రాల్నీ వేరు వేరు స్పీడుల్లో తిరగనిచ్చేది, ఉండదు. 4హెచ్‌లో ముందుకీ వెనక్కీ పవర్ మోసే షాఫ్టులు ఒకే స్పీడుతో తిరగాలి. కానీ మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. అందుకే గట్టి నేల మీద బండి బిగుసుకోవాలి, స్టీరింగ్ మొరాయించాలి, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు కుదుపులు రావాలి. ఈ ముక్క నాకు ముందే తెలుసు. బామ్మర్దికి నేనే క్లాసు పీకాను కూడా. ఆ రోజు మాత్రం సరిగ్గా ఆ కుదుపు లేకపోవడాన్నే మెచ్చుకుని, చేతిలో డబ్బు పెట్టి వచ్చాను. 4ఎల్ కూడా వేశా, ఇంజన్ రొద పెట్టి బండి మెల్లగా, బలంగా కదిలింది. అదీ నమ్మేశాను. 4ఎల్ అంటే గేరు తగ్గడం, ముందు చక్రాలకి పవర్ వెళ్లకపోయినా ఆ రొద వస్తుంది.

మొన్న ఆదివారం నంద్యాల దగ్గర మా అత్తగారి ఊళ్లో బయటపడింది. చేనుకి పోయే దారిలో ఒక వంక (చిన్న వాగు) ఉంది, రెండు రోజుల వానకి అడుగంతా ఇసకా బురదా. జిమ్నీ ముందు దిగింది, మధ్యలో ఒక చక్రం గిర్రున తిరిగింది, బండే ఆ చక్రానికి బ్రేకు పట్టి రెండోదానికి పవర్ పంపింది, ఎక్కేసింది. తర్వాత నేను, 4ఎల్ వేసుకుని రాజాలా దిగాను. పది అడుగులు కూడా పోలేదు. వెనక చక్రం ఒకటి గొయ్యి తవ్వుకుంటోంది, నేను ఇంకా రేజ్ చేస్తున్నా. బామ్మర్ది గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"బావా, ముందు చక్రాలు తిరగట్లేదు."

తిరుగుతున్నాయన్నాను. "ఇంకోసారి ఇవ్వు" అన్నాడు. ఇచ్చాను. రెండూ దేవుడి రథానికి చెక్కిన చక్రాల్లా కదలకుండా ఉన్నాయట. వాడు గోనెసంచి పరుచుకుని ఫోన్ లైటుతో కిందకి దూరాడు. చాలాసేపు మాట లేదు. తర్వాత ఫొటో తీసి చూపించాడు. ముందు యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ అసలు లేదు. పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర అది బిగించే చోట పాత ట్యూబు ముక్క చుట్టి, బైండింగ్ వైరుతో మూడు చుట్లు కట్టి, చివర మెలి తిప్పి ఉంది. ఎంత శ్రద్ధ! పొరపాటున ఊడిపోయిందనుకోడానికి కూడా ఆస్కారం లేకుండా కట్టారు.

జిమ్నీయే తాడేసి లాగింది. వాడు ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

గట్టు మీద నుంచే ఫోన్ చేశాను. డబ్బు ఇచ్చేదాకా "సార్", ఆర్‌సీ మారేదాకా "అన్నా", ఆ రోజు మొదటి మాటే "ఏం భయ్". విషయం చెప్తే నవ్వాడు. నిజంగా నవ్వాడు. "నువ్వు ఫోర్ బై ఫోర్ లివర్ ఉందా అని అడిగినవ్. లివర్ ఉందా లేదా?" అన్నాడు. షాఫ్ట్ ఏదయ్యా అంటే, "సిటీల తిరిగెటోనికి అదెందుకు? అది తీస్తేనే మైలేజ్ వస్తది, నీ మంచికే." ఇది కోపంలో అన్న మాట కాదు, సలహా ఇస్తున్నట్టు అన్నాడు. ఆఖర్న "గంత షోకుంటే జిమ్నీ కొనుక్కోవాలె" అని పెట్టేశాడు. ఎయిర్‌బ్యాగుల వాడు పక్కనే నిలబడి, స్పీకర్లో అంతా విన్నాడు. సాయంత్రానికి ఆ యార్డాయన నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేశాడు.

రసీదు తీసి చూస్తే "ఉన్నది ఉన్నట్టు" అని ఉంది, కింద నా సంతకం. యాడ్ స్క్రీన్‌షాట్ మాత్రం నా దగ్గరుంది. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కి కూడా వెళ్తాను. 2023 ఏప్రిల్ నుంచి పాత బళ్ల డీలర్లకి ఆర్టీఓ దగ్గర ఆథరైజేషన్ ఉండాలన్న రూలుంది, ఆయనకి ఉందో లేదో అడుగుతున్నాను.

కొనేవాళ్లకి ఒక్క మాట. లివరు, లైటు చూసి నమ్మకండి. ముందు చక్రాల హబ్బులు (చక్రాన్ని యాక్సిల్‌కి కలిపేవి) లాక్ అయ్యాయని చూసుకుని, 4హెచ్‌లో పెట్టి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి చేత్తో తిప్పండి. ఈజీగా తిరిగితే ముందుకి ఏమీ వెళ్లట్లేదు. లేదా గోనెసంచి తీసుకెళ్లండి, బట్టలు పోతే పోయాయి.

జిప్సీ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు, ఆ బండి చేసిన తప్పేం లేదు. ముందు షాఫ్ట్ ఒరిజినల్‌ది మంచి కండిషన్‌లో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. ఆ యార్డులో ఒకటి ఉందని మాత్రం చెప్పకండి, అది నాదే అయ్యుంటుంది.