పాత ఫియట్‌తో వరంగల్: కార్బరేటర్ పని, బస, రామప్ప దారి

హైదరాబాద్ నుంచి వరంగల్ 150 కిలోమీటర్లకు అటూ ఇటూ. 163వ నంబరు జాతీయ రహదారి మీద కొత్త కార్లకు మూడు గంటల లోపు పని. మా పాత ఫియట్, అంటే ప్రీమియర్ పద్మినితో, అలాంటి లెక్కలు పెట్టుకోం. భువనగిరి దాటిందో లేదో ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు, నిలవడం మానేసింది. టోల్‌గేటు క్యూలో కాలు తీస్తే ఆగిపోతుంది, స్క్రూ తిప్పి పెంచితే రంకెలు వేస్తుంది. జనగామలో ఒక మెకానిక్ కార్బరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) జెట్లు, అంటే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాల ముక్కలు, విప్పి గాలి కొట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాకా బాగానే ఉంది, ఆ తర్వాత కథ మళ్లీ మొదటికొచ్చింది.

వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డు దొరికింది. అంబాసిడర్ ట్యాక్సీల కాలం నుంచి ఇదే పనిలో ఉన్న పెద్దమనిషి. స్క్రూడ్రైవర్ తియ్యలేదు. ఇంజన్ నడుస్తుండగానే థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్ తొక్కితే కార్బరేటర్‌లో తిరిగే కడ్డీ) రెండు చివర్లా చిక్కటి ఆయిల్ వేశాడు. అంతసేపూ ఊగిన ఇంజన్ కాసేపు కుదురుగా తిరిగింది. "జెట్లు మంచిగనే ఉన్నయి సార్. స్పిండిల్ కాడ సందు పడ్డది, గాలి గుంజుతున్నది" అన్నాడు.

విషయం అదే. కార్బరేటర్ బాడీ మెత్తటి జింకు మిశ్రమం, స్పిండిల్ ఉక్కు. ఏళ్ల తరబడి యాక్సిలరేటర్ తొక్కితే స్పిండిల్ తిరిగే గుండ్రటి రంధ్రం కోలగా అరిగిపోతుంది. ఆ సందులోంచి లెక్కలో లేని గాలి దూరి పెట్రోల్ వంతు తగ్గుతుంది. దాన్ని ఏ జెట్టూ, ఏ స్క్రూ సరిచేయలేవు. కొత్తది కొనమనేవాళ్లే ఎక్కువ. అయితే ఈ బండికి సరిగ్గా అమరే కొత్త కార్బరేటర్ దొరకడమే కష్టం. అరిగిన అసలుదాన్ని బాగుచేయించడమే మేలని నా అభిప్రాయం.

అసలు పని లేత్ షాపులో. రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీతలో ఉండేలా రీమర్ (రంధ్రాన్ని సాఫుగా పెద్దది చేసే పనిముట్టు) వేసి, ఇత్తడి బుష్‌లు, అంటే లోపలి గొట్టాలు, దించారు. స్పిండిల్‌కి బిగించిన బటర్‌ఫ్లై (గాలిని అదుపుచేసే రేకు) స్క్రూల చివర్లు విచ్చి ఉంటాయి, వాటిని ఆకురాయితో అరగదీశాకే విప్పాలి. తిరిగి బిగించాక మళ్లీ విచ్చగొట్టాలి, లేకపోతే ఊడి ఇంజన్‌లోకే పోతాయి. కార్బరేటర్‌ని ఇంజన్‌కి బిగించే అంచు, ఫ్లాంజ్, వంగింది; దాన్ని మెకానిక్ అద్దం మీద ఎమరీ కాగితం పరిచి రుద్దాడు. పెట్రోల్ రాకను ఆపే నీడిల్ వాల్వ్, పంపులోని పల్చటి పొర (డయాఫ్రం) కొత్తవి వేశాడు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు పైపులు పాడవుతాయని అవీ మార్పించాడు.

ఈలోగా బస. స్టేషన్ దగ్గర లాడ్జీలు చవక, కానీ బండి వీధిలోనే. నేను దిగిన చోట వేడినీళ్లు పొద్దున ఒక్క గంటే, అదీ అడిగితే. మర్నాడే హన్మకొండకి మారాను. అద్దె ఎక్కువే, అయినా గేటూ వాచ్‌మనూ ఉన్న ఆవరణ. పాత కారుతో వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది పార్కింగ్ గురించే, ఏసీ గురించి తర్వాత.

కారు లేకున్నా ఊరు చూడొచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి హన్మకొండలోనే. కోటకు ఆటో మాట్లాడుకుంటే వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకోండి, నాలుగు కీర్తి తోరణాల మధ్య తిరగడానికి సమయం పడుతుంది. సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు బాగుంటుంది, సెలవు రోజుల్లో మాత్రం జనం.

బండి చేతికొచ్చాక పరీక్ష రామప్ప దారిలో. ములుగు మీదుగా పాలంపేటకు 70 కిలోమీటర్లు ఉంటుంది. స్లో నిలకడగా ఉంది, ములుగు దగ్గర గేదెల మంద అడ్డొచ్చినా ఆగిపోలేదు. 1213 నాటి ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నల్లరాతి స్తంభాల మీద సూది పట్టేంత రంధ్రాలు చూసి, బుష్ కోసం రెండు రంధ్రాలకు మేం పడ్డ హైరానా గుర్తొచ్చి నవ్వొచ్చింది. అక్కడి నుంచి లక్నవరం వెళ్లొచ్చుగానీ, ఆదివారం వేలాడే వంతెన మీద ఫోటోల రద్దీకి నాకు ఓపిక లేదు.

లేబర్, కిట్ అన్నీ కలిపి, నాకు హైదరాబాద్‌లో చెప్పిన కొత్త కార్బరేటర్ ధరలో సగం కూడా కాలేదు. రిపేర్ కిట్ మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి, అక్కడ వెతకడంలోనే పొద్దు పోయింది. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ దారికి పాత బండి తీసుకెళ్లకండి, ఆ ట్రాఫిక్‌లో ఇంజన్ వేడెక్కక మానదు.