నాలుగు సీడీల స్వింగ్ సెట్: పాటలకి వంక పెట్టలేం, వివరాలకే దిక్కు లేదు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు ఇస్తున్నాను. ఆ మూడూ వాయించినవాళ్ళకే, ఈ సెట్టు తయారుచేసిన కంపెనీకి కాదు.

పోయిన నెల ఆన్‌లైన్లో 1,450 రూపాయలు పెట్టి కొన్నాను. నాలుగు సీడీలు, 80 పాటలు, అట్ట మీద తళతళలాడే ట్రంపెట్ బొమ్మ, దాని కింద బంగారు రంగులో ‘ఒరిజినల్ రికార్డింగ్స్’ అని పెద్ద అక్షరాలు. స్వింగ్ అంటే 1930ల్లో, 40ల్లో అమెరికా డాన్స్ హాళ్ళని ఊపేసిన పెద్ద బ్యాండ్ల పాటలు. గ్లెన్ మిల్లర్, బెన్నీ గుడ్‌మన్, ఆర్టీ షా, టామీ డార్సీ, హ్యారీ జేమ్స్, డ్యూక్ ఎల్లింగ్టన్, ఆ బ్యాండ్లు నడిపినవాళ్ళు అందరూ ఉన్నారు. లోపల పుస్తకం అని చెప్పి నాలుగు పేజీలు పెట్టారు, అందులో మూడు పేజీలు ఫొటోలే. ఏ పాట ఏ రోజున రికార్డు చేశారో, ఏ ఊళ్ళో చేశారో, ఏ రికార్డు కంపెనీ వేసిందో ఒక్క ముక్క లేదు. కొన్ని పాటల పక్కన మాత్రం ఒక సంవత్సరం అచ్చువేశారు, ఆ సంవత్సరం దేనిదో వాళ్ళకే తెలియాలి.

తేదీలతో నీకేం పని, విని ఊరుకోవచ్చుగా అని మా ఇంట్లోనే అన్నారు. నిజమే, సినిమా పాటలైతే నేనూ పట్టించుకోను. కానీ ఈ పాటల సంగతి వేరు. ఒకే పాటని ఒకే బ్యాండు ఒకసారి స్టూడియోలో వాయించి ఉంటుంది, ఇంకోసారి రేడియోలో, మరోసారి సినిమా కోసం, ఆ తర్వాత బ్యాండు పెద్ద పోయాక అదే పేరు పెట్టుకుని వేరేవాళ్ళు వాయించి ఉంటారు. అన్నిటికీ పేరు ఒక్కటే. తేదీ చెప్పకుండా అమ్మితే శుభలేఖ మీద ఒకడి ఫొటో, పీటల మీద ఇంకొకడు అన్నట్టు ఉంటుంది.

నాకు అనుమానం వచ్చింది మా మామయ్య వల్ల. ఆయన తెనాలిలో పాతికేళ్ళు పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయించాడు. ఇంగ్లీషు పాటలంటే ఆయనకి పెద్దగా ఆసక్తి లేదు, కానీ మొదటి సీడీలో ‘మూన్‌లైట్ సెరెనేడ్’ రాగానే చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టి వినడం మొదలుపెట్టాడు. ఎందుకంటే ఆ పాటలో క్లారినెట్టే పెద్దరికం చేస్తుంది, సాక్సఫోన్లన్నీ దాని కింద నడుస్తాయి. మిల్లర్ బ్యాండు సౌండు అంటే అదే, ఆ క్లారినెట్ వాయించినవాడు విల్బర్ ష్వార్జ్. నాలుగో సీడీ చివర బోనస్ అని చెప్పి అదే పాట మళ్ళీ ఉంది, పెట్టాను. పది సెకన్లు కూడా కాలేదు, “ఒరేయ్, ఇతను ఆయన కాదురా, ఊపిరి వేరు” అన్నాడు. ఆయన అన్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. సాక్సఫోన్లు ఎడమ చెవిలో, ట్రాంబోన్లు కుడి చెవిలో, సుబ్బరంగా విడివిడిగా వినిపిస్తున్నాయి. మిల్లర్ ఆ పాట రికార్డు చేసింది 1939 ఏప్రిల్ 4న. ఆయన ఎక్కిన విమానం ఇంగ్లిష్ ఛానల్ మీద కనపడకుండా పోయింది 1944 డిసెంబర్ 15న. ఇలా రెండు చెవుల్లో వేరువేరుగా వినిపించే స్టీరియో ఎల్పీలు దుకాణాల్లోకి వచ్చింది 1958 ప్రాంతంలో. మరి ఈ స్టీరియోలో వాయించింది ఎవరు? పుస్తకంలో సమాధానం లేదు, అట్ట మీద మాత్రం ఒరిజినల్ అని ఉంది.

ఇక అక్కడినుంచి నాకు పిచ్చి పట్టింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా క్యాంపస్ వాళ్ళు ‘డిస్కోగ్రఫీ ఆఫ్ అమెరికన్ హిస్టారికల్ రికార్డింగ్స్’ అని ఒక డేటాబేస్ నడుపుతున్నారు, పూర్తిగా ఉచితం. పాట పేరో బ్యాండు పేరో కొడితే ఏ రోజు, ఏ ఊరు, ఎన్నో టేకు అన్నీ వస్తాయి. ఈ సెట్టుకి నిజమైన పుస్తకం అదే. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పాటా వెతుక్కుంటూ వింటే రెండు శనివారాలు పట్టింది. 1,450 రూపాయల్లో వసూలైనది ఏదైనా ఉందంటే ఆ రెండు శనివారాలే.

టేకు, అంటే పాటని మొదటినుంచి చివరిదాకా ఒకసారి వాయించి రికార్డు చేసినది, దాని గురించి ఒక మాట. అప్పట్లో టేపు లేదు, కట్ చేసి అతికించడం లేదు. బ్యాండు మొత్తం ఒక గదిలో కూర్చుని వాయిస్తుంటే నేరుగా డిస్కు మీదే గాడి కోసేవారు. మూడో నిమిషంలో ఎవరైనా ఒక్క స్వరం తప్పితే మళ్ళీ మొదటినుంచి. పది అంగుళాల రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలు పడుతుంది, అంతకుమించి పట్టదు. ప్రతి పాటకీ ఒక మ్యాట్రిక్స్ నంబరు, దాని చివర గీత పెట్టి టేకు నంబరు ఇస్తారు, అది రికార్డులో లేబుల్ పక్కన చెక్కి ఉంటుంది. ‘ఇన్ ద మూడ్’ ది 038170-1. చివర ఒకటి ఉంది చూశారా, అంటే మొదటి టేకు.

‘ఇన్ ద మూడ్’ కథ తెలిశాక ఆ పాట నాకు ఇంకోలా వినపడుతోంది. అందరూ మిల్లర్ పాట అంటారు గానీ, ఆ ‘డడడ డడడ’ అని తిరిగే మెట్టు 1930లోనే వింగీ మనోన్ ‘టార్ పేపర్ స్టాంప్’ అనే పేరుతో రికార్డు చేశాడు. 1931లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు ‘హాట్ అండ్ యాంక్షస్’ అనే పాటలో అదే మెట్టు వాడుకుంది. తర్వాత జో గార్లండ్ దాన్ని పట్టుకుని పెద్ద బ్యాండుకి రాస్తే, 1938లో ఎడ్గర్ హేస్ బ్యాండు డెక్కా అనే కంపెనీకి రికార్డు చేసింది, అదీ వేరే పాటకి వెనక వైపున. ఆర్టీ షా రేడియోలో వాయించాడు గానీ ఆయన దగ్గరున్నది ఆరు నిమిషాలు దాటేది, రికార్డులో పట్టదు కదా, వదిలేశాడు. మిల్లర్ చేసిందల్లా కత్తెర పట్టుకోవడమే. అనవసరం అనుకున్నవన్నీ తీసేసి, టెక్స్ బెనెకీ, అల్ క్లింక్ ఇద్దరి టెనర్ సాక్సఫోన్లని ఒకరికొకరు సవాలు విసురుకున్నట్టు ఎదురెదురుగా పెట్టి, చివర్లో అదే ముక్కని సన్నగా, ఇంకా సన్నగా, అయిపోయిందేమో అనుకునేంతగా తగ్గించి ఒక్కసారి పైకి లేపాడు. 1939 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రికార్డు చేశారు. మా మామయ్యకి ఆ చివరి ముక్క వినిపిస్తే నవ్వాడు, బరాతులో వాళ్ళూ అదే చేసేవాళ్ళట, డాన్స్ చేసేవాళ్ళు అలిసిపోయి ఆగబోతుంటే మెల్లగా తగ్గించి, మళ్ళీ లేపేవాళ్ళట.

ఈ సెట్టులో ‘ఇన్ ద మూడ్’ అసలు రికార్డింగే వేశారు, అందుకు సంతోషం. కానీ శబ్దం తగ్గించే సాఫ్ట్‌వేర్ పెట్టి తెగ తోమేశారు. పాత రికార్డు గరగర పోయింది, దానితోపాటు డ్రమ్మర్ తాళాల మెరుపూ పోయింది. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంది. నాకైతే ఆ గరగరే మేలు.

బెన్నీ గుడ్‌మన్ ‘సింగ్, సింగ్, సింగ్’ విషయంలో చేసింది ఇంకా ఘోరం. 1937 జులై 6న హాలీవుడ్‌లో చేసిన రికార్డింగ్ అది, ఎనిమిది నిమిషాలకు పైనే ఉంటుంది, అందుకని పన్నెండు అంగుళాల రికార్డుకి రెండు వైపులా వేశారు. ఒక వైపు అయ్యాక లేచి వెళ్ళి తిప్పి పెట్టుకోవాలి. సీడీకి ఆ బాధ లేదుగా, రెండూ కలిపి వేస్తే సరిపోయేది. వీళ్ళు మొదటి వైపు మాత్రమే వేశారు! జీన్ క్రూపా డ్రమ్ములు ఇంకా వేడి మీద ఉండగానే పాట ఠక్కున ఆగిపోయి తర్వాతి పాట వచ్చేస్తుంది. భోజనంలో పప్పు వడ్డించి, పులుసు రాకముందే విస్తరి ఎత్తేసినట్టు ఉంది. అదే బ్యాండు 1938 జనవరి 16న కార్నెగీ హాల్లో చేసిన కచేరీ కూడా రికార్డయింది, 1950లో కొలంబియా కంపెనీ దాన్ని ఎల్పీలుగా వేసింది. అందులో ఇదే పాట చివర్లో జెస్ స్టేసీ పియానో ఉంటుంది, ఎవరూ ఊహించని చోట నెమ్మదిగా మొదలవుతుంది. వీలైతే అది వెతుక్కుని వినండి, ఈ సగం ముక్క వద్దు.

సంవత్సరాల తప్పుల సంగతి చెప్తాను. మిల్లర్ ‘దట్ ఓల్డ్ బ్లాక్ మ్యాజిక్’ పక్కన 1943 అని వేశారు. 1943లో మిల్లర్ సైన్యంలో ఉన్నాడు, ఆయన పాత బ్యాండు అప్పటికే లేదు. ఆ పాట 1942 జులై 15న షికాగోలో రికార్డు చేసింది, బయటికి వచ్చిందే తర్వాతి సంవత్సరం. జులై నెలలో అంత హడావిడి ఎందుకంటే, ఆగస్టు 1 నుంచి రికార్డింగులు చేయొద్దని వాద్యకారుల సంఘం సమ్మెకి పిలుపిచ్చింది. నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సులూ రేడియోలూ రికార్డులు తిప్పుకుంటూ మా పొట్ట కొడుతున్నాయి, మాకూ వాటా ఇవ్వండి అని దాని నాయకుడు జేమ్స్ పెట్రిల్లో గొడవ. అందుకని గడువులోపల అందరూ పరుగులమీద పాటలు చేసి దాచుకున్నారు. డెక్కా 1943లో రాజీకి వచ్చింది గానీ విక్టర్, కొలంబియా కంపెనీలు మాత్రం 1944 నవంబర్ దాకా మొండికేశాయి. ఆ మధ్యలో కొలంబియా పాత పాటలు తవ్వి తీసింది. హ్యారీ జేమ్స్ బ్యాండుతో ఫ్రాంక్ సినాట్రా 1939లో పాడిన ‘ఆల్ ఆర్ నథింగ్ ఎట్ ఆల్’ మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు, 1943లో మళ్ళీ విడుదల చేస్తే పెద్ద హిట్టయింది. ఈ సెట్టులో దాని పక్కన కూడా 1943 అని ఉంది. అప్పటికి సినాట్రా హ్యారీ జేమ్స్‌ని వదిలేసి మూడేళ్ళు దాటింది!

ఆ రోజుల్లోనే ఇంకో గొడవ, మనకి సంబంధించినది. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ పాత రికార్డుల్లో ముఖ్యమైన సరుకు లక్క. ఏటికొప్పాక బొమ్మ మీద మెరుస్తుందే, ఆ లక్కే, ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్ళేది. యుద్ధంలో ఓడల రాకపోకలు కష్టమై, 1942 ఏప్రిల్లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి వాడే లక్కని 70 శాతం తగ్గించేసింది. కొత్త రికార్డులు చేయడానికి పాతవి తెచ్చివ్వమని జనాన్ని అడిగారు. ఎన్ని మంచి పాటలు అలా కరిగిపోయాయో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆర్టీ షా ‘బిగిన్ ద బిగీన్’ బాగుంది, అసలు రికార్డింగే, 1938 జులై 24. దాన్ని వేసిన బ్లూబర్డ్ రికార్డులవాళ్ళకి దాని మీద నమ్మకం లేక ‘ఇండియన్ లవ్ కాల్’ వెనక వేశారు. ఇండియన్ అంటే మనం కాదులెండి, అక్కడి ఆదివాసులు. టామీ డార్సీ ‘సాంగ్ ఆఫ్ ఇండియా’ కూడా ఉంది, దానికైతే మనమే, కానీ ఆ ట్యూన్ కట్టినాయన రష్యావాడు రిమ్‌స్కీ కోర్సకోవ్.

ఒక చోట నేనే తొందరపడ్డాను, అదీ చెప్పాలి. ‘చట్టనూగా చూ చూ’ స్టీరియోలో ఉంటే, ఇదీ దొంగదే అని అమ్మినవాళ్ళకి ఘాటుగా మెయిల్ పెట్టాను. తర్వాత తెలిసింది, మిల్లర్ బ్యాండు 1941లో ‘సన్ వ్యాలీ సెరెనేడ్’ సినిమాకి వాయించినప్పుడు స్టూడియోవాళ్ళు వేరువేరు మైకులని వేరువేరు ట్రాకుల మీద తీసుకున్నారట, వాటిని కలిపి తర్వాత నిజమైన స్టీరియో తీశారు. అంటే వాయించింది మిల్లరే. కాకపోతే ఇది రికార్డు మీద వచ్చిన పాట కాదు. రికార్డుది అదే సంవత్సరం మే 7న చేసింది, 12 లక్షల కాపీలు పోయాయని 1942 ఫిబ్రవరి 10న బంగారు పూత పూసి ఆయన చేతికిచ్చింది ఆ రికార్డునే. రెండూ మంచివే. ఇది సినిమాది అని ఒక లైను రాసి ఉంటే నా మెయిలూ తప్పేది, నా పరువూ దక్కేది.

వాళ్ళకి తెలియకుండానే చేసిన మంచి పని ఒకటుంది, మూడో సీడీలో ‘టక్సీడో జంక్షన్’ రెండుసార్లు వేశారు. మొదటిది ఎర్స్కిన్ హాకిన్స్‌ది, 1939 జులై 18. అలబామాలో బర్మింగ్‌హామ్ దగ్గర ట్రామ్ లైన్లు కలిసే చోటు పేరు అది, హాకిన్స్‌ది ఆ ఊరే. రెండోది మిల్లర్ 1940 ఫిబ్రవరి 5న చేసినది. హాకిన్స్‌వాళ్ళది చొక్కా గుండీలు తీసి వాయించినట్టుంటే, మిల్లర్ దాన్నే నెమ్మది చేసి, ఇస్త్రీ చేసి, ట్రంపెట్లకి మూత పెట్టి తీసి, వావా అనిపించి, హాలంతా ఒకే ఊపు మీద కదిలేలా చేశాడు. ఎక్కువ అమ్ముడుపోయింది మిల్లర్‌దే, నాకు మాత్రం హాకిన్స్‌దే ఇష్టం. మామయ్య ఏ పక్కా చెప్పలేదు గానీ ఆ సీడీ మాత్రం తీసుకెళ్ళాడు.

అమ్మినవాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు, నేను సీలు తీసేశాను కాబట్టి డబ్బు వెనక్కి రాదన్నారు. కొనాలనుకునేవాళ్ళు ముందు పాటల జాబితాలో రికార్డింగ్ తేదీలు ఉన్నాయా లేదా అని అడగండి, లేవంటే సగం ధర కన్నా ఎక్కువ పెట్టకండి. నాలుగో సీడీ ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను. పుస్తకం మాత్రం ఇవ్వను, 80 పాటల్లో 71కి తేదీలు పెన్సిల్‌తో రాసుకున్నాను, ఇంకో తొమ్మిది మిగిలాయి.